రెండు పదమూడో అధ్యాయాలు
రాజ్యం, గ్రంథం, పాఠకుడు

1

1975 జులైలో ఒక ఆదివారం మా ఊరి చర్చిలో పాస్టరుగారు, రోమీయులకు పౌలు రాసిన పత్రికలో పదమూడో అధ్యాయం తీసి ప్రసంగం చేశారు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ ప్రకటించి నెల రోజులు కూడా కాలేదు. పై అధికారులకు లోబడి ఉండాలనీ, ఏ అధికారమైనా దేవుని నియామకం వల్లనే వస్తుందనీ, దాన్ని ఎదిరించేవాడు దేవుణ్ణే ఎదిరించినవాడనీ ఆ అధ్యాయంలో పౌలు చెప్పిన మాటల్ని ఆయన విడమరిచి చెప్పారు. నేనప్పుడు హైస్కూలు విద్యార్థిని. మా పేటలో చదువు చెప్పే మాష్టారొకాయన్ని అంతకు వారం క్రితమే పోలీసులు తీసుకుపోయారు. ఆ పేరు ఆ రోజు ప్రార్థనలో ఎవరూ ఎత్తలేదు.

పాస్టరుగారు ప్రభుత్వం మనిషి కాదు. జీతం సరిగా అందని బీదవాడు. చర్చి స్థలం పట్టా కోసం తాలూకా ఆఫీసు చుట్టూ రెండేళ్ళుగా తిరుగుతున్నవాడు. భయపడ్డాడు, అంతే. భయపడిన మనిషికి ఆ అధ్యాయం చేతికందింది. ఆయన మీద నాకు ఈనాటికీ కోపం లేదు. కాని ఆ పుస్తకంలో వెయ్యికి పైగా అధ్యాయాలుండగా, ఆ రోజు ఆ ఒక్క అధ్యాయమే ఎందుకు తెరుచుకుంది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

తర్వాత నేను చరిత్ర విద్యార్థినయ్యాను. అభ్యుదయ సాహిత్యానికి దగ్గరయ్యాను. చర్చిలో కొందరు నేను నాస్తికుల్లో కలిసిపోయానన్నారు. సాహిత్య సభల్లో మిత్రులు ‘ఇంకా ఆ పుస్తకం వదల్లేదా’ అన్నారు. ఈ వ్యాసం ఆ ఉభయులకూ నేను బాకీపడి ఉన్న సమాధానం.

నేను చెప్పదలచుకున్నది ఇది. మత గ్రంథం ఏం చెబుతుందనేది గ్రంథంలోనే తేలిపోయే విషయం కాదు. ఎవరు, ఎవరికి, ఏ స్థానంలో నిలబడి చదివి వినిపిస్తున్నారనే దాన్ని బట్టి అది తేలుతుంది. పాలకవర్గాలు ఈ సంగతిని మనకంటే ముందే గుర్తించాయి. ‘మతం మత్తుమందు’ అనే ఒక్క వాక్యంతో ఈ చరిత్రనంతా దాటిపోవటం అభ్యుదయవాదులకు తగదు. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో మార్క్స్ ఆ మాటకు ముందే, మతం పీడితుల వేదనకు వ్యక్తీకరణ అనీ, ఆ వేదన మీద నిరసన కూడాననీ గుర్తించాడు. మనం చివరి మాట పట్టుకుని ముందు మాట వదిలేశాం. ఒక వాక్యాన్ని దాని చుట్టుపక్కల వాక్యాల నుంచి తెంచి చదవటం మా పాస్టరుగారు ఒక్కరే చేసిన పని కాదన్నమాట.

2

ముందు మూలాన్ని చూద్దాం. పౌలు రోమా పత్రికను క్రీ.శ. 57 ప్రాంతంలో రాశాడని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అప్పటికి నీరో చక్రవర్తి పాలన మొదలై మూడేళ్ళు. క్రైస్తవుల మీద అతని దౌర్జన్యకాండ ఇంకా మొదలుకాలేదు. అంతకుముందు క్లాడియస్ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్ళగొట్టాడు. వాళ్ళు అప్పుడప్పుడే తిరిగి వస్తున్నారు. పన్ను వసూళ్ళలో జరిగే అక్రమాల మీద రోములో ప్రజలు గగ్గోలు పెట్టారని చరిత్రకారుడు టాసిటస్ 58వ సంవత్సరం సంగతులు రాస్తూ పేర్కొన్నాడు. పౌలు తన అధ్యాయంలో పన్ను చెల్లించమని ప్రత్యేకించి చెప్పటాన్ని ఈ పరిస్థితితో కలిపి చూడాలి. ఏ అండా లేని గుప్పెడు మంది మనుషులకు, లేనిపోని ప్రమాదం తెచ్చుకోవద్దని చెప్పిన నిర్దిష్టమైన సలహా అది. అన్ని కాలాలకూ అన్ని ప్రభుత్వాలకూ రాసి ఇచ్చిన రాజ్యాంగ శాస్త్రం కాదు.

ఇంకొక విషయం. బైబిలును అధ్యాయాలుగా విభజించింది పౌలు కాదు. ఇప్పుడున్న విభజన పదమూడో శతాబ్ది మొదట్లో స్టీఫెన్ లాంగ్‌టన్ చేసినది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల సంఖ్యలు వేసింది రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. ఆ గీతలు చెరిపేసి చదివితే, అధికారుల గురించిన ఏడు వచనాలకూ ముందు, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమనే మాట ఉంది. తర్వాత, ప్రేమ తప్ప మరేదీ ఎవరికీ బాకీ ఉండవద్దనే మాట ఉంది. అధికారులకు లోబడమనే మాట ఈ రెంటి నడుమ ఉన్నది. ఆ రెంటినీ కోసేసి మధ్య ముక్కను మాత్రమే కోర్టు గోడకు తగిలిస్తే అర్థం మారక ఏమవుతుంది?

అదే బైబిలు చివర మరొక పదమూడో అధ్యాయం ఉంది. పత్మోసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహాను రాసిన ప్రకటన గ్రంథంలోది. డొమిషియన్ చక్రవర్తి కాలంలో, అంటే మొదటి శతాబ్ది చివరి దశకంలో రాసిందని సాధారణంగా అంగీకరిస్తున్నారు. సముద్రంలోంచి ఏడు తలల మృగమొకటి పైకి వస్తుంది. ఘటసర్పం దానికి తన సింహాసనాన్నీ అధికారాన్నీ ఇస్తుంది. లోకమంతా దానికి మొక్కుతుంది. దాని ముద్ర లేనివాడు కొనటానికీ అమ్మటానికీ వీలుండదు. ఆ ఏడు తలలు ఏడు కొండలని అదే గ్రంథంలో తర్వాత వివరణ వస్తుంది. ఏడు కొండల నగరమంటే రోమని ఆనాటి పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు. నిర్బంధంలో రాసే రచయిత ఎందుకు ప్రతీకల్లో రాస్తాడో మన సాహిత్య విద్యార్థులకూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఈ రెండు అధ్యాయాల్లోనూ గ్రీకు మూలంలో ఉన్న మాట ఒకటే, ‘ఎక్సూసియా’. తెలుగు బైబిలులోనూ రెండు చోట్లా ‘అధికారం’ అన్న మాటే వాడారు. ఒక చోట ఆ అధికారం దేవుడి నుంచి వచ్చింది. రెండో చోట సాతాను నుంచి వచ్చింది. రాజ్యం గురించి రెండు అనుభవాలు ఒకే గ్రంథంలో పక్కపక్కన ఉన్నాయి. ఒక అధ్యాయాన్ని బిగ్గరగా చదివి రెండోదాన్ని మూసి ఉంచటంలోనే రాజకీయం మొదలవుతుంది.

3

ఆ రాజకీయం 1525లో జర్మనీలో రక్తపాతంగా బయటపడింది. ఆ ఏడాది మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో రైతుల ప్రతినిధులు పన్నెండు కోర్కెల పత్రం తయారుచేశారు. పాస్టరును ఎన్నుకునే హక్కు, అడవిలో కట్టె కొట్టుకునే హక్కు, ఏట్లో చేప పట్టుకునే హక్కు, వెట్టి నుంచి విముక్తి వాళ్ళు కోరినవి. ప్రతి కోర్కెకూ పక్కన బైబిలు వచనాలు ఉదహరించారు. పసులకాపరి మొదలు ప్రభువు దాకా అందర్నీ క్రీస్తు ఒకే రక్తంతో విడిపించాడు గనుక ఒకడు ఇంకొకడి సొత్తు కావటం చెల్లదని వాదించారు. ఇందులో ఏ కోర్కె అయినా లేఖనానికి విరుద్ధమని రుజువు చేస్తే వదులుకుంటామని చివర రాశారు.

లేఖనాన్ని సామాన్యుడి భాషలోకి తెచ్చినవాడు లూథర్. ఆ పుస్తకం తన చేతికొచ్చాకనే రైతు ఈ వచనాలు చూపించగలిగాడు. మొదట ప్రభువుల్నీ రైతుల్నీ ఇద్దరినీ మందలించిన లూథర్, తిరుగుబాటు ముదిరిన తర్వాత మే నెలలో రాసిన కరపత్రంలో రోమా పదమూడో అధ్యాయాన్ని ఎత్తుకుని, తిరగబడ్డ రైతుల్ని నరికివేయటం ప్రభువులకు దైవకార్యమన్నాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రైతు సైన్యం ఊచకోతకు గురైంది. వాళ్ళతో ఉన్న పాస్టరు థామస్ మ్యూంట్సర్‌ను చిత్రహింసలు పెట్టి అదే నెల 27న తల నరికారు. ఆ యుద్ధంలో చనిపోయిన రైతులు లక్షకు దగ్గరగా ఉంటారని అంచనాలున్నాయి.

ఎంగెల్స్ 1850లో జర్మనీ రైతు యుద్ధం గురించి గ్రంథం రాస్తూ, మ్యూంట్సర్ మత భాష కింద ఉన్న వర్గ ప్రయోజనాలను బయటికి తీశాడు. దానికి మనం ఎప్పుడూ కృతజ్ఞులమే. కాని ఒక వివరం గమనించాలి. 1524లో ఆల్‌స్టెట్ కోటలో రాకుమారుల ముందు చేసిన ప్రసంగంలో మ్యూంట్సర్ కూడా రోమా పదమూడో అధ్యాయాన్నే ఎత్తుకున్నాడు. దుష్టుల్ని శిక్షించటానికే పాలకుడికి ఖడ్గం ఇవ్వబడింది, ఆ పని చేయకపోతే ఖడ్గం అతని చేతిలోంచి పోతుంది అన్నాడు. లోబడమని చెప్పిన వచనాలే లోబడటానికి షరతు పెట్టే వచనాలయ్యాయి. అక్షరం మారలేదు. చదివే స్థానం మారింది.

పాలకులకు ఈ ప్రమాదం బాగా తెలుసుననటానికి 1807లో లండనులో అచ్చయిన ఒక బైబిలు సాక్ష్యం. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నీగ్రో బానిసల కోసం ఏరి కూర్చిన భాగాలని దాని శీర్షికలోనే చెప్పారు. అందులో యోసేపు ఐగుప్తులో బానిసగా ఉన్న కథ ఉంది. ఆ ఐగుప్తు నుంచి బానిసలు విడుదలై వెళ్ళిపోయిన కథ లేదు. దాసులు యజమానులకు విధేయులుగా ఉండాలన్న మాట ఉంది. క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని భేదం లేదన్న గలతీ పత్రిక మాట లేదు. గ్రంథం ఉత్త మత్తుమందే అయితే, బానిసకు మొత్తం సీసా ఇవ్వటానికి యజమానికి అభ్యంతరమేముంది? కత్తెర ఎందుకు అవసరమైంది?

4

ఇరవయ్యో శతాబ్దంలో ఈ తగాదా ప్రపంచ రాజకీయాల్లోకి రెండుసార్లు స్పష్టంగా వచ్చింది. మొదటిసారి హిట్లర్ జర్మనీలో. జర్మన్ చర్చిలో పెద్ద భాగం నాజీ రాజ్యానికి మొక్కినపుడు, 1934 మే నెలాఖరున బార్మెన్‌లో కూడిన పాస్టర్లు, విశ్వాసులు, కార్ల్ బార్త్ ముఖ్యపాత్ర వహించి రాసిన ఆరు సూత్రాల ప్రకటనను ఆమోదించారు. రాజ్యం మనిషి జీవితానికంతటికీ తానే అధిపతి కాజాలదని అయిదో సూత్రంలో చెప్పారు. అది సాహసమే. అయితే ఆ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. చర్చి స్వాతంత్ర్యం గురించి పోట్లాడినవాళ్ళు పొరుగువాడి ప్రాణం గురించి మౌనం వహించారు. ఈ లోపాన్ని బార్తే తర్వాత ఒప్పుకున్నాడు. 1933లోనే యూదుల పక్షాన రాసిన డీట్రిక్ బాన్‌హోఫర్‌ను నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

రెండోసారి దక్షిణాఫ్రికాలో. అక్కడ కథ ఇంకా సంక్లిష్టం. ఎందుకంటే అక్కడి పాలకులూ తమను తాము పీడితులుగానే చదువుకున్నారు. కేప్ ప్రాంతం నుంచి బ్రిటిష్‌వాళ్ళ పాలన తప్పించుకుని లోపలికి తరలిన బోయర్లకు తాము ఇశ్రాయేలీయులు, బ్రిటిష్ రాజ్యం ఫరో. 1838 డిసెంబరు 16న జూలూలను చంపి గెలిచిన యుద్ధం వాళ్ళకు దేవునితో చేసుకున్న నిబంధనకు గుర్తు. 1899-1902 యుద్ధంలో బ్రిటిష్ నిర్బంధ శిబిరాల్లో బోయర్ స్త్రీలూ పిల్లలూ ఇరవై ఆరు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళ బాధ నిజం. ఆ బాధను ఆధారం చేసుకునే వాళ్ళ వారసులు 1948 నుంచి నల్లవాళ్ళ మీద ‘అపార్థైడ్’ అనే వర్ణ వివక్ష రాజ్యాన్ని నిర్మించారు. అంటే విముక్తి కథ చదివినంత మాత్రాన ఎవడూ విముక్తివాది కాడు. ఐగుప్తు నుంచి బయటపడ్డవాడు కనానులో ఏం చేశాడనేది కూడా చదవాలి. అమెరికా ఆదివాసి విమర్శకుడు రాబర్ట్ వారియర్ 1989లో సరిగ్గా ఈ ప్రశ్నే వేశాడు: ఈ కథలో మేము ఇశ్రాయేలీయులం కాము, కనానీయులం, మా సంగతేమిటి? ఈ ప్రశ్న ఎదురుగా ఉంచుకోకుండా బైబిలును విప్లవ గ్రంథమని పొగిడేవాళ్ళతో నేను ఏకీభవించలేను.

దక్షిణాఫ్రికాలో ప్రధానమైన తెల్లవాళ్ళ డచ్ రిఫార్మ్‌డ్ చర్చి 1857 సినడ్‌లోనే, కొందరి ‘బలహీనత’ కారణంగా అని చెప్పి, ప్రభువు భోజనపు బల్లను రంగును బట్టి విడదీయటానికి అనుమతించింది. బలహీనత ఎవరిదో గమనించండి. నల్లవాడి పక్కన మోకరించలేని తెల్లవాడిది. ఆ రాయితీ కాలక్రమాన విడివిడి చర్చిలుగా, తర్వాత సిద్ధాంతంగా ఎదిగింది. 1974లో ఆ చర్చి ఆమోదించిన నివేదిక, బాబెలు గోపురం దగ్గర దేవుడు భాషలు తారుమారు చేసిన కథను జాతుల వేర్పాటుకు ఆధారంగా చూపింది.

ఈ కథలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1860 నుంచి నేటాల్ చెరుకు తోటలకు కూలి ఒప్పందాల మీద వెళ్ళినవాళ్ళలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని పంపించారు. ఆయన నేటాల్‌లో తెలుగు కూలీల సంఘాన్ని స్థాపించాడు. ఆ కూలీల వారసులు 1950 నాటి ప్రాంతాల వేర్పాటు చట్టం కింద ఇళ్ళు కోల్పోయినవాళ్ళలో ఉన్నారు. 1983లో ప్రభుత్వం కొత్త రాజ్యాంగం తెచ్చి భారతీయులకూ మిశ్రజాతివాళ్ళకూ చెరొక సభ ఇచ్చి, నల్లవాళ్ళను బయటే ఉంచింది. ఆ రాజ్యాంగం పీఠిక సర్వశక్తిమంతుడైన దేవునికి వినయపూర్వక విధేయతతో మొదలవుతుంది. 1984 ఆగస్టులో భారతీయుల సభకు ఎన్నికలు జరిగితే, నమోదైన ఓటర్లలో సుమారు ఐదో వంతు మంది మాత్రమే ఓటు వేశారు. దేవుని పేరుతో వడ్డించిన విస్తరిని మిగతావాళ్ళు ముట్టలేదు.

1985 మార్చి 21న యూటెన్‌హేగ్ దగ్గర లాంగా బస్తీలో అంత్యక్రియలకు వెళుతున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపి కనీసం 20 మందిని చంపారు. రెండు వారాల తర్వాత, ఈస్టరు పండుగనాడు, అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోతా మోరియాకు వెళ్ళాడు. నల్లవాళ్ళ స్వతంత్ర చర్చిల్లో పెద్దదైన జయన్ క్రిస్టియన్ చర్చికి అది పుణ్యక్షేత్రం. లక్షలాది బీద విశ్వాసులు కూడిన ఆ సభలో ఆయన తీసిన అధ్యాయం ఏదో పాఠకులు ఊహించగలరు. రోమా పదమూడు. మా ఊరి పాస్టరుగారు భయంతో చదివిన అధ్యాయాన్ని ఆయన తుపాకీ ధీమాతో చదివాడు.

జులైలో ఎమర్జెన్సీ ప్రకటించారు. అదే జులై 17న మన కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. మన దృష్టంతా, సహజంగానే, ఇక్కడ ఉంది. అందువల్ల ఆ సెప్టెంబరు 25న దక్షిణాఫ్రికాలో వెలువడిన ఒక చిన్న పత్రం మన పత్రికల్లో రావలసినంతగా చర్చకు రాలేదని నాకనిపిస్తుంది. దాని పేరు కైరోస్ పత్రం. కైరోస్ అంటే గ్రీకులో నిర్ణయం తీసుకోక తప్పని సమయం. నూట యాభై మందికి పైగా సంతకాలు చేశారు. దాని వెనుక ఫ్రాంక్ చికానే, ఆల్బర్ట్ నోలన్ వంటివాళ్ళున్నారు. కాని అది పండితులు గదిలో కూర్చుని రాసింది కాదు. సొవెటో బస్తీలో కాల్పుల మధ్య పనిచేస్తున్న పాస్టర్లూ విశ్వాసులూ నెలల తరబడి చర్చించి రాసింది.

ఆ పత్రం దేవుని గురించిన ఆలోచనల్ని మూడు రకాలుగా విడదీసింది. మొదటిది రాజ్యం చెప్పే వేదాంతం. రోమా పదమూడు, శాంతిభద్రతలు, ఎదిరించినవాడికల్లా కమ్యూనిస్టు అనే ముద్ర, చివరికి రాజ్యాంగ పీఠికలోని దేవుడు, ఈ నాలుగూ దాని ఆయుధాలు. ఆ పీఠికలోని దేవుడు విగ్రహమేనని, దేవుని వేషం వేసుకున్న సాతాననీ ఆ పత్రం నిర్మొహమాటంగా ప్రకటించింది. పౌలు మాటల్ని ఆ పత్రం కొట్టివేయలేదు. ఆయన ఎవరికి, ఏ సందర్భంలో రాశాడో చూడమంది. రాజ్యం పీడించేదిగా మారినపుడు ఏం చేయాలో తెలుసుకోవటానికి ఆ చోట వెతకవద్దంది. దానికి ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయాన్ని చూపించింది.

రెండోది చర్చి చెప్పే వేదాంతం. నా ఉద్దేశంలో ఈ పత్రంలో అన్నిటికంటే పదునైన భాగం ఇదే. ఎందుకంటే ఇది శత్రువుని కాదు, మిత్రుల్ని విమర్శిస్తుంది. అపార్థైడ్ తప్పే, అయినా సమాధానపడాలి, హింస వద్దు, ఇద్దరూ ఒక మెట్టు దిగాలి అనే పెద్దమనుషుల మాట అది. కొట్టేవాడికీ దెబ్బలు తినేవాడికీ మధ్య రాజీ అంటే కొట్టేవాడికి అనుకూలమని ఆ పత్రం తేల్చింది. బస్తీ కుర్రాడు విసిరిన రాయిని హింస అంటున్నవాళ్ళు, రాజ్యం రోజువారీగా చేస్తున్నదాన్ని ఆ పేరుతో ఎందుకు పిలవరని నిలదీసింది. మూడోది ప్రవక్తల వేదాంతం. ముందు సమాజాన్ని విశ్లేషించు, ఎవరు ఎవర్ని పీడిస్తున్నారో తేల్చుకో, తర్వాత గ్రంథం తెరువు అంటుంది. ఇది మన విమర్శకులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పద్ధతికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఒక పత్రం వల్ల రాజ్యాలు కూలవు. అపార్థైడ్ కూలింది కార్మిక సంఘాల సమ్మెల వల్ల, బస్తీల తిరుగుబాటు వల్ల, ఆంక్షల వల్ల. కాని రాజ్యం తన దౌర్జన్యానికి చేయించుకునే దైవ సంతకాన్ని ఇటువంటి పఠనాలు రద్దుచేశాయి. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి ఒట్టావా మహాసభలో, వర్ణ వివక్షను లేఖనంతో సమర్థించటం మతభ్రష్టత్వమని ప్రకటించింది. 1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో డచ్ రిఫార్మ్‌డ్ పండితుడు విల్లీ యాంకర్ తన పాపాన్నీ తన చర్చి పాపాన్నీ బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1997 నవంబరులో సత్య, సమాధాన కమిషన్ ముందు చర్చిలు ఒక్కొక్కటే వచ్చి సాక్ష్యం చెప్పాయి.

5

ఇదంతా గడిచిపోయిన చరిత్ర అనుకుంటే పొరపాటు. 2017 ఆగస్టులో అమెరికాలో డాలస్ నగరపు పాస్టరు రాబర్ట్ జెఫ్రెస్, ఉత్తర కొరియా అధినేతను తుదముట్టించే అధికారం అధ్యక్షుడు ట్రంప్‌కు దేవుడిచ్చాడని ప్రకటించాడు. ఆధారం రోమా పదమూడు. అణ్వాయుధాల యుద్ధానికి కూడా ఆ ఏడు వచనాలు చాలునన్నమాట. 2018 జూన్ 14న అమెరికా అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్, సరిహద్దు దాటి వచ్చిన తల్లుల నుంచి పిల్లల్ని వేరుచేసే విధానం మీద చర్చిలు చేస్తున్న విమర్శకు జవాబుగా అదే అధ్యాయాన్ని చదివాడు. 2024 మార్చిలో మాస్కో పేట్రియార్క్ కిరిల్ అధ్యక్షతన ఉన్న ప్రపంచ రష్యన్ ప్రజామండలి ఉక్రెయిన్ మీద యుద్ధాన్ని పవిత్ర యుద్ధమంది. దాడి మొదలైన కొద్ది వారాలకే, 2022 మార్చి 13న, ‘రష్యన్ ప్రపంచం’ అనే ఆ సిద్ధాంతాన్ని తప్పుడు బోధగా ఖండిస్తూ ప్రకటన చేసినవాళ్ళు కూడా ఆర్థడాక్స్ పండితులే.

పాలస్తీనా సంగతి వేరే చెప్పాలా? 2018 మే 14న అమెరికా తన రాయబార కార్యాలయాన్ని జెరూసలేములో తెరిచినప్పుడు ప్రార్థన చేసినవాళ్ళలో ఇదే జెఫ్రెస్ ఉన్నాడు. ఆ రోజే గాజా సరిహద్దులో ఇజ్రాయెల్ సైన్యం కాల్పుల్లో సుమారు 60 మంది పాలస్తీనీయులు చనిపోయారు. పాలస్తీనా క్రైస్తవులు 2009 డిసెంబరులో బెత్లెహేములో ఒక పత్రం విడుదలచేసి, దానికి దక్షిణాఫ్రికా నుంచి కైరోస్ అన్న పేరే తీసుకున్నారు. 2023 క్రిస్మస్‌కు బెత్లెహేము లూథరన్ చర్చిలో శిశువు క్రీస్తు బొమ్మను పశువుల తొట్టిలో పెట్టలేదు, సిమెంటు శిథిలాల కుప్పలో పెట్టారు. గాజాలో కూలిన ఇళ్ళ కింద పిల్లలున్నారు గనుక. ఆ ఇద్దరిదీ ఒకే బైబిలు.

6

ఇక మన సంగతి. ఎమర్జెన్సీ కాలంలో మా ఊరి చర్చి లోబడిందని చెప్పాను. న్యాయం కోసం ఇంకో మాట కూడా చెప్పాలి. కేరళకు చెందిన వేదాంతి ఎం.ఎం. థామస్, ప్రపంచ చర్చిల మండలి కేంద్ర కమిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన విశ్వాసి, 1975 జులై నుంచే ఎమర్జెన్సీని విమర్శిస్తూ రాశాడు. ఆ రచనలు 1979లో పుస్తకంగా వచ్చాయి. తెలుగునాట విప్లవ రచయితలు అనేకులు జైళ్ళలో ఉన్నారు. అదే కాలంలో అభ్యుదయ శిబిరంలో మరొక పఠనం నడిచింది. ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రగతిశీలమైనదనీ, జరుగుతున్నది మితవాద శక్తుల మీద పోరాటమనీ, చారిత్రక అవసరమనీ మనవాళ్ళు రాశారు. కమ్యూనిస్టు పార్టీ ఎమర్జెన్సీని సమర్థించింది. 1978లో భటిండా మహాసభలో అది తప్పని ఒప్పుకుంది.

అంటే మనకూ ఒక పదమూడో అధ్యాయం ఉంది. మన పుస్తకాల్లో ‘చారిత్రక అవసరం’ అన్న మాటను రాజ్యం అవసరానికి అనువదించి, చుట్టూ ఉన్న వాక్యాల నుంచి తెంచి చదువుకున్న రోజులున్నాయి. మా పాస్టరుగారికి పట్టా కావలసి ఉంది. మనవాళ్ళకు ఏం కావలసి ఉండిందో ఎవరికివారు ఆలోచించుకోవాలి. ఈ మాట ఎవర్నీ కించపరచటానికి అనటం లేదు. తప్పు ఒప్పుకోవటానికి బోయర్ల చర్చికి తరాలు పట్టింది, మనకు మూడేళ్ళు పట్టింది. ఆ మేరకు మనం మెరుగే. కాని మతగ్రంథాన్ని నమ్మేవాడికి మాత్రమే ఈ రోగం వస్తుందనీ, హేతువాదికి రాదనీ అనుకోవటానికి చరిత్రలో ఆధారం లేదు.

సాహిత్య విద్యార్థులకు చివరగా ఒక మాట. వేదమైనా, పురాణమైనా, బైబిలైనా, మనం గౌరవించే ఏ సిద్ధాంత గ్రంథమైనా మన ముందుకు వచ్చినపుడు, దాన్ని తలకెత్తుకోవటం, తగలబెట్టటం అనే రెండు దారులే ఉన్నట్టు మాట్లాడతాం. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినపుడు ఈ రెండూ చేయలేదు. గుడి గడప తొక్కనివ్వని మనిషి చేత, గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలం ద్వారా, కాశీలోని శివుడికి కబురు పంపించాడు. దేవుణ్ణి కాదనలేదు, నిలదీశాడు. కాళిదాసు మేఘాన్ని పంపిన సందేశకావ్య మార్గాన్ని పారేయకుండా, ఆ మార్గం ఎవరికి మూసి ఉందో అదే మార్గంలో నిలబడి చూపించాడు. అది పఠనమే. కింద నిలబడి చేసిన పఠనం.

1977లో ఎమర్జెన్సీ ఎత్తేశాక, మా పేట మాష్టారు జైలు నుంచి తిరిగి వచ్చారు. మరుసటి ఆదివారం చర్చికి వచ్చి ఎప్పటిలాగే వెనక వరసలో కూర్చున్నారు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడో కాదో నాకు తెలియదు. ఆ రోజు పాస్టరుగారు ఆమోసు గ్రంథం తీశారు. బీదల్ని జత చెప్పుల కోసం అమ్ముకునేవాళ్ళ మీద ఆ ప్రవక్త మండిపడ్డ భాగం అది. చదువుతూ మధ్యలో ఆగి వెనక వరస వైపు చూశారు. రెండేళ్ళు ఆలస్యంగా తెరుచుకున్న ఆ పుటను నేను తక్కువ చేయను. ఆలస్యం కాకుండా తెరవటం ఎలాగన్నదే మన ముందున్న ప్రశ్న.